శత్రువదాదేశః: డాస్ కమాండును మార్చడానికి ఏ మాట వాడాలి?

ప్రశ్న (జయనగర్ సభ్యురాలు):

అందరికీ నమస్కారం. బెంగళూరులోని మా తెలుగు సంఘం సంచిక కోసం పాత ఎమ్ఎస్-డాస్ (కమాండ్లు టైపు చేసి కంప్యూటర్‌ను నడిపించే ఆపరేటింగ్ సిస్టమ్) గురించి ఒక వ్యాసం రాస్తున్నాను. ఆ రోజుల్లో డాస్‌లో ముందే అమర్చి ఉన్న కమాండ్లను కొందరు తమకు కావలసినట్టు మార్చుకునేవారు కాబట్టి, ఆ భాగానికి "అంతర్గత ఆదేశాల మార్పు" అని శీర్షిక పెట్టాను. తెలుగు పండితులుగా పదవీ విరమణ చేసిన మా మామగారు అది చదివి, "ఆదేశమంటేనే మార్పు కదమ్మా, ఇక ఆదేశాల మార్పు ఏమిటి?" అని నవ్వి, "శత్రువదాదేశః, మిత్రవదాగమః" అన్న మాట గుర్తు చేశారు. ఆ మాటకూ డాస్‌లో జరిగిన పనికీ ఏమైనా పొంతన ఉందా? పెద్దలు వివరించగలరు.

సమాధానం:

అమ్మా, పొంతన ఉంది. మీ మామగారు సరదాకు అన్నారేమో గాని, మీ శీర్షిక ఒకే మాటతో మూడు వేర్వేరు పనులను కప్పేస్తోంది. ఆ మూడింటికీ మన వ్యాకరణంలో పేర్లు సిద్ధంగా ఉన్నాయి.

ఉన్న వర్ణాన్ని తొలగించి దాని చోటులో మరొక వర్ణం వచ్చి కూర్చుంటే అది ఆదేశం. అన్న, తమ్ముడు కలిసి అన్నదమ్ములైనప్పుడు తకారం పోయి దకారం వచ్చింది. స్థానం ఒకటే, అందులో ఉన్నవాడు మారాడు, కనుక ఆదేశం శత్రువు వంటిది. మా, అమ్మ కలిసి మాయమ్మ అయినప్పుడు యకారం నడుమ చేరిందే తప్ప ఎవరినీ వెళ్ళగొట్టలేదు, కనుక ఆగమం మిత్రుని వంటిది. రాముడు, అతడు కలిసి రాముడతడు అయినప్పుడు ఉకారం కనబడకుండా పోయింది, అది లోపం. బెంగళూరు బడుల్లో కన్నడం చదివే మన పిల్లలకు ఈ మూడు పేర్లూ కొత్త కావు, ఎందుకంటే అక్కడ కన్నడ సంధులను లోప, ఆగమ, ఆదేశ సంధులనే చెబుతారు. మళె, కాల కలిసి మళెగాల కావడం వారి ఆదేశ సంధికి నిత్యోదాహరణ.

ఇక డాస్ సంగతి. 1981లో ఐబీఎమ్ పీసీతో వచ్చిన నాటి నుంచి డాస్ కమాండ్లు రెండు రకాలు. ఫార్మాట్, చెక్‌డిస్క్ వంటివి డిస్కు మీద విడి ఫైళ్ళుగా ఉండేవి, కాబట్టి వాటి పేరు మార్చాలంటే ఆ ఫైలు పేరు మార్చితే చాలు. డిర్ (ఫైళ్ళ జాబితా చూపేది), కాపీ, డెల్ (ఫైళ్ళు చెరిపేది), టైప్ వంటివి మాత్రం కమాండ్.కామ్ అనే ఫైలు లోపలే ఇమిడి ఉండేవి. మనం ఒక మాట టైపు చేయగానే కమాండ్.కామ్ ముందుగా తన లోపలి పట్టికలో వెతికి, అక్కడ దొరకనప్పుడే డిస్కు మీద ఆ పేరుతో కామ్, ఈఎక్స్ఈ, బ్యాట్ ఫైళ్ళ కోసం వరుసగా చూసేది. అందువల్ల ఎవరైనా తన అభిరుచికి తగినట్టు డిర్.బ్యాట్ అని ఒక బ్యాచ్ ఫైలు (కమాండ్లను వరుసగా రాసిపెట్టిన ఫైలు) రాసుకుని, ఉట్టి పేరు టైపు చేస్తే, దాని వంతు ఎన్నటికీ రాదు. కమాండ్.కామ్ పొట్టలోనే చెయ్యి పెట్టవలసి రావడానికి కారణం ఇదే.

ఆ పట్టికలో ఒక్కొక్క కమాండుకు పేరు పొడవు తెలిపే ఒక బైటు, ఆ తరువాత పేరులోని అక్షరాలు, ఆపైన ఒక గుర్తు బైటు, చివర అసలు పని చేసే కోడ్ భాగం ఎక్కడుందో చెప్పే చిరునామా ఉంటాయి. తొలి డాస్ వెర్షన్ల మూల కోడ్‌ను కాలిఫోర్నియాలోని కంప్యూటర్ హిస్టరీ మ్యూజియం 2014లో అందరికీ అందుబాటులో పెట్టింది. అందులో చూస్తే డిర్ అన్న పేరుకు ఎదురుగా ఉన్న కోడ్ భాగానికి రచయితలు పెట్టుకున్న పేరు క్యాటలాగ్. అంటే మనం టైపు చేసే పేరు, లోపల జరిగే పని మొదటి నుంచీ వేర్వేరు వస్తువులే, వాటిని కలిపి ఉంచేది ఆ చిరునామా ఒక్కటే.

పేరు మార్చేవారు డాస్‌తోనే వచ్చే డీబగ్ అనే పనిముట్టు వాడేవారు. 1994 నాటి 6.22 వెర్షన్‌లో కమాండ్.కామ్ పరిమాణం 54,645 బైట్లు. దాని నకలును డీబగ్‌లో తెరిచి, ఎస్ అనే వెతుకులాట కమాండుతో "డిర్" మూడక్షరాలను వెతికితే ఒక్క చిరునామా రాదు, చాలా వస్తాయి, ఎందుకంటే ఎమ్‌కేడిర్, సీహెచ్‌డిర్, ఆర్‌ఎమ్‌డిర్ అన్న పేర్ల చివర కూడా అవే మూడక్షరాలు ఉన్నాయి. అసలైన దానిని పట్టుకోవాలంటే వెనుకనున్న బైటును చూడాలి: అక్కడ కె, హెచ్, ఎమ్ వంటి అక్షరం కనబడితే అది వేరే కమాండు తోక, పొడవు తెలిపే చిన్న అంకె కనబడితే మనకు కావలసింది అదే. ఈ అనే కమాండుతో ఆ చోట, ఉదాహరణకు, ఇ-డి-ఐ అని మూడు ఇంగ్లీషు అక్షరాలు రాసి, డబ్ల్యూతో ఫైలును భద్రపరచి, దానితో యంత్రాన్ని మళ్ళీ మొదలుపెడితే, "ఏది" అని టైపు చేసినప్పుడు ఫైళ్ళ జాబితా వస్తుంది. "డిర్" అంటే మాత్రం "బ్యాడ్ కమాండ్ ఆర్ ఫైల్ నేమ్" అన్న జవాబు వస్తుంది, లేదా ఇన్నాళ్ళూ వంతు రాని ఆ డిర్.బ్యాట్‌కు చివరికి వంతు వస్తుంది. నాలుగో అక్షరం రాస్తే అది పక్కనున్న గుర్తు బైటును చెరిపేస్తుంది కాబట్టి, మూడక్షరాల చోట మూడే రాయాలి. "చూపు" అని పెట్టుకోవాలని సరదా పడినా అక్కడ చోటు లేదు.

ఇది అక్షరాలా ఆదేశం. పైగా ఇక్కడ పాణిని సూత్రం ఒకటి ఆశ్చర్యం కలిగించేంతగా అమరుతుంది. "స్థానివదాదేశోऽనల్విధౌ" అన్నాడాయన. ఆదేశంగా వచ్చినది తాను తొలగించిన దానిలాగే, అంటే స్థానిలాగే, వ్యవహరిస్తుంది. అయితే వర్ణాన్ని ఆధారం చేసుకున్న విధుల్లో మాత్రం అలా వ్యవహరించదు. డిర్ చోట వచ్చిన ఏది డిర్ చేసే పనినే చేస్తుంది, ఎందుకంటే చిరునామా మారలేదు, అది స్థానివద్భావం. కాని ఎప్పుడో ఎవరో రాసిపెట్టిన బ్యాచ్ ఫైలు డి-ఐ-ఆర్ అన్న అక్షరాలనే ఆధారం చేసుకుని పిలుస్తుంది కనుక, అక్కడ కొత్త పేరు పాతదానికి ప్రతినిధి కాలేదు; అది అల్విధి, అంటే వర్ణాన్ని ఆధారం చేసుకున్న విధి. విద్యార్థులు ఫైళ్ళు చెరిపేయకుండా డెల్ పేరు మార్చిన ప్రయోగశాలల్లో, కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కించే బ్యాచ్ ఫైళ్ళు డెల్ అన్న వరుస దగ్గర తడబడటానికి కారణం ఇదే. రెండు వేల ఏళ్ళు దాటిన సూత్రానికి ఇంత స్పష్టమైన ఉదాహరణ యంత్రంలో దొరకడం నాకు ముచ్చటగా ఉంది.

లోపానికి ఇంకా సులువైన దారి ఉంది. కమాండ్.కామ్ మనం టైపు చేసిన కమాండు పేరును పెద్ద అక్షరాల్లోకి మార్చుకుని, ఆ తరువాతే పట్టికతో పోల్చి చూస్తుంది. పట్టికలో ఉన్న పేరును చిన్న అక్షరాల్లోకి మార్చివేస్తే ఇక ఏమి టైపు చేసినా అది సరిపోలదు. కోడ్ అక్కడే ఉంటుంది, చిరునామా అక్కడే ఉంటుంది, కాని పిలిచే దారి మూసుకుపోతుంది. "అదర్శనం లోపః" అన్నది కూడా పాణిని మాటే: లోపమంటే నాశనం కాదు, కనబడకపోవడం.

ఆగమానికి 1991లో వచ్చిన 5.0 వెర్షన్ దాకా ఆగాలి. దానితో వచ్చిన డాస్‌కీ అనే ప్రోగ్రాము మాక్రోలను, అంటే ఒక పేరు టైపు చేస్తే దానికి బదులు మనం రాసిపెట్టిన కమాండు నడిచే ఏర్పాటును, పరిచయం చేసింది. డెల్ అన్న పేరుతోనే ఒక మాక్రో పెట్టి, అందులో అసలు డెల్‌కు చివర పీ అనే స్విచ్ (కమాండు పనితీరును మార్చే చిన్న చేర్పు) తగిలిస్తే, ప్రతి ఫైలు చెరిపే ముందూ యంత్రం అనుమతి అడుగుతుంది. కమాండ్.కామ్‌లో ఒక్క బైటు కూడా మారదు. యంత్రాన్ని ఆపి మళ్ళీ మొదలుపెడితే మాక్రో జాడే ఉండదు.

కాబట్టి నా సలహా ఇది. మనమందరం నోటితో అనేది కమాండు అనే. వ్యాసంలోనూ కమాండు అనే రాయండి. ఆదేశం, ఆగమం, లోపం అన్న మాటలను ఆ మూడు పనులకు అట్టిపెట్టండి. "డాస్ కమాండ్లలో ఆదేశాగమలోపాలు" అన్న శీర్షిక పెడితే మీ మామగారు కూడా ఒప్పుకుంటారు.

అభ్యంతరం (మల్లేశ్వరం సభ్యుడు):

మాస్టారూ, మొదటి రెండింటితో నాకు పేచీ లేదు గాని, మాక్రోను ఆగమం అనడం దగ్గర ఆగవలసి వస్తోంది. డెల్ అన్న పేరుతో మాక్రో ఉన్నప్పుడు, ఆ పేరు టైపు చేసిన వారికి అసలు డెల్ నేరుగా అందడం లేదు కదా! సామాన్య విధిని విశేష విధి అడ్డుకున్నట్టు ఉంది. దానిని అపవాదం అనాలి. పైగా మాక్రోలో అసలు కమాండును పిలవకుండా వేరే పని రాసిపెడితే, చేరిందేమీ లేదు, అడ్డుపడటం తప్ప.

సమాధానం:

మీ మాట సగం ఒప్పుకుంటాను. డెల్ అన్న మాక్రోలో కేవలం ఒక హెచ్చరికను చూపించి ఊరుకుంటే, అది నిస్సందేహంగా అపవాదమే. కాని పైన చెప్పిన ఉదాహరణలో మాక్రో అసలు డెల్‌ను పిలిచి దాని చివర ఒక స్విచ్ చేరుస్తోంది. మూలం అలాగే ఉండగా అదనంగా ఒకటి వచ్చి చేరింది కనుక అక్కడ ఆగమం అనడమే ఉచితం. అపవాదానికి పరిధి ఉన్నట్టే మాక్రోకూ ఉంది: కమాండుకు ముందు ఒక ఖాళీ వదిలి టైపు చేస్తే డాస్‌కీ దానిని పట్టించుకోదు, అసలు కమాండే నడుస్తుంది, బ్యాచ్ ఫైలు లోపల మాక్రోలు అసలే పనిచేయవు. కమాండ్.కామ్‌కు బదులుగా చాలామంది వాడిన ఫోర్‌డాస్‌లో అయితే మారుపేరును దాటి వెళ్ళడానికి కమాండు ముందు నక్షత్రం గుర్తు పెట్టేవారు. మీరన్న అపవాదం అన్న మాటను నాలుగో పేరుగా చేర్చుకోవచ్చు.

జయనగర్ సభ్యురాలికి ఒక సాంకేతిక విషయం కూడా చెప్పాలి, వ్యాసంలో ఇది విడిచిపెట్టకండి. కమాండ్.కామ్‌లో కొంత భాగం మెమరీలో స్థిరంగా ఉంటుంది, మిగతా భాగాన్ని పెద్ద ప్రోగ్రాములు తుడిచివేయవచ్చు. అప్పుడు కామ్‌స్పెక్ అన్న వేరియబుల్ చూపే చోటు నుంచి దానిని మళ్ళీ చదివి, మొదట లెక్కించి పెట్టుకున్న మొత్తంతో సరిచూసుకుంటుంది. హార్డ్ డిస్కు మీద, లోపలి కమాండు పేరు మార్చిన కమాండ్.కామ్‌తో యంత్రాన్ని మొదలుపెట్టి, కామ్‌స్పెక్‌ను మాత్రం ఫ్లాపీ మీది పాత ఫైలు వైపు ఉంచితే, ఆ లెక్క కుదరక "ఇన్వాలిడ్ కమాండ్.కామ్" అన్న సందేశం వస్తుంది. కనుక పేరు మార్చేవారు రెండు చోట్లా ఒకే ఫైలు ఉండేట్టు చూసుకోవాలి.