కిరాణం దుకాణానికి ఐతారం సెలవు పెట్టొచ్చా? జెర చెప్పుండ్రి

సగంషట్టర్ (హన్మకొండ):
అందరికీ నమస్తే. మాది నయీంనగర్ దిక్కు కిరాణం. బాపు పెట్టిన దుకాణం, ఇప్పుడు నేను చూస్తున్న. పొద్దుగాల ఆరున్నరకు పాల ప్యాకెట్లతోటి షట్టర్ లేస్తది, రాత్రి పదిన్నరకు దిగుతది. రోజుకు 16 గంటలు, వారానికి 112. ఒకనాడు ఊరికె కూసోని లెక్కేసిన, గుండె దడదడలాడింది. నాకు 41 ఏండ్లు. నిరుడు షుగర్ బయటపడ్డది. డాక్టర్ గోలీలు రాసిచ్చి "టైముకు తిను, టైముకు పండు" అన్నడు. ఒక చేత్తోటి పప్పు జోకుకుంట ఇంకో చేత్తోటి బుక్క పెట్టుకునేటోనికి టైమెక్కడిది?

సంక్రాంతి పోయినంక ధైర్యం చేసి ఐతారం బందు పెట్టిన. ఆరు వారాలైంది. అప్పటిసంది బాపు నాతోటి సరిగ్గ మాట్లాడ్తలేడు. ఆయనది ఒక్కటే మాట: "షట్టర్ దించితే గిరాకి పక్క గల్లీ తొవ్వ నేర్చుకుంటది, నేర్చుకున్న తొవ్వ మర్వది." అందుల అబద్ధం లేదు. మాకు ఐతారమే పెద్ద గల్లా. కూర తెచ్చుకున్నోళ్లు అల్లం, ఎల్లిగడ్డ, మసాల, నూనె అనుకుంట మా కాడికే వస్తరు. ఇప్పుడు కొందరు శనివారమే కొనుక్కపోతున్నరు. కొందరైతే మళ్ల కనవడ్తలేరు.

నాది తప్పా? సుద్దులు చెప్పకుండ్రి, మీరెట్ల ఎల్లదీస్తున్నరో చెప్పుండ్రి.

లెక్కపక్కా (వరంగల్ స్టేషన్ రోడ్):
తమ్మీ, చేదుగుంటది గని చెప్త. నీకు అలుపు ఐతారం వల్ల రాలే, మిగతా ఆరు రోజులు నడిపే తీరు వల్ల వచ్చింది. ఒక వారం రోజులు గల్లా పక్కన కాయితం పెట్టుకో, ఏ గంటకు ఎంతమంది వచ్చిన్రో గీతలు గీయి. నేను గీసిన. మాది ఎలక్ట్రికల్ సామాన్ల షాపు. ఒంటిగంట నుంచి నాలుగింటి దాక గీతలే లేవు. ఆ మూడు గంటలు ఫ్యాన్ కింద ఫోన్ చూస్కుంట "షాపు నడుపుతున్న" అనుకున్న ఇన్నేండ్లు! ఇప్పుడు ఇంటికి పోయి తిని పండుత. రాత్రి తొమ్మిదిన్నర దాటినంక నీ కాడికి సిగరెట్లకు తప్ప ఎవడొస్తడు? గంట ముందు దించు. పోరణ్ని పెట్టుకో. ఐతారం మాత్రం ముట్టకు. పెద్దాయన చెప్పింది నూటికి నూరుపాళ్లు కరెక్టు.

సగంషట్టర్:
అన్నా, పోరడు ఉన్నడు. ఆనికి గూడ ఐతారమే కావాల్నట. దోస్తులంత ఆ రోజే దొరుకుతరట.

గోదారిఖని_సెకండ్‌షిఫ్ట్:
పగటి నిద్ర గురించి లెక్కపక్కా అన్న గట్ల అల్కగ చెప్పిండు గని, నన్ను అడుగుండ్రి. మాది భూగర్భ గని. ఒక వారం ఫస్టు, ఒక వారం సెకండు, ఒక వారం నైట్. నైట్ షిఫ్టుకు పానం అలవాటు పడేసరికి వారం ఒడుస్తది. పొద్దుగాల వచ్చి పండుకుంటే కూరగాయల ఆటో మైకు, ఆయినంక పాత సామానాయన, ఆయినంక పక్కింటి మిక్సీ. కండ్లు మూసుకుంటం గంతే.

రూల్ సంగతంటరా, మాకున్నంత మంచి రూల్ ఎవలికీ లేదు. 1952 గనుల చట్టం నాటిసంది కిందికి దిగేటోనికి రోజుకు 8 గంటలు, వారానికి 48. వారంల ఆరు రోజులు దాటి పని చేయించొద్దు. మరి ఏమైతది? ప్లేడే అంటే వారపు సెలవునాడు డ్యూటీ, దానికి రెట్టింపు జీతం. "నా పేరు రాయి సార్" అని ఎగబడేది మేమే. ప్లేడేలు తగ్గిస్తే లొల్లి చేసేది గూడ మేమే. బిడ్డ ఫీజు, ఇంటి లోను... నేను పదేండ్లు అమ్ముకున్న నా ఐతారాలు. ఎవడూ గుంజుకోలే. ఇప్పుడు నడుముకు బెల్టు కట్టుకోని దిగుతున్న. సగంషట్టర్ తమ్మీ, ఆరు వారాలు ఆపుకున్నవంటే నువ్వు నాకంటె గట్టోనివి.

గ్రూప్2_మళ్లీ:
అన్నా మీ దుకాణం ఏదో నాకు తెలిసినట్టే ఉంది 😀 ఆదివారం మా రూం వాళ్లందరం గుడ్లు, బ్రెడ్డు కోసం మూసిన షట్టర్ ముందర నిలబడుతున్నాం. మాకు మీ సెలవు వల్ల నష్టమే. కానీ నా టైంటేబుల్ చూస్తే మీరే జాలిపడతారు. 2024 డిసెంబర్‌లో 783 గ్రూప్-2 పోస్టులకు పరీక్ష రాసిన దగ్గర నుంచి రోజుకు 14 గంటలు చదువుతున్నానని ఇంట్లో చెప్తున్నా. లైబ్రరీలో కూర్చునేది 14 గంటలే, అబద్ధం కాదు. చదివేది ఆరు దాటదు.

చట్టంచూశా (హన్మకొండ):
ఇది "పెట్టొచ్చా" అని అడగాల్సిన విషయమే కాదు. మన దుకాణాలు, సంస్థల చట్టం 1988 నాటిది. దాని ప్రకారం పనిచేసే మనిషికి రోజుకు 8 గంటలు, వారానికి 48, వారానికి ఒక రోజు జీతంతో సెలవు. ఆ పిల్లాడు అడిగేది అతని హక్కు. మీరేదో దయతలచి ఇస్తున్నట్టు మాట్లాడకండి.

లెక్కపక్కా:
సార్, ఆ చట్టాన్నే గవర్నమెంటు సడలించుకుంట వస్తున్నది కదా. 2023ల ఇరవై నాలుగు గంటలు షాపులు తెర్సుకోవచ్చన్నరు. 2025 జూలైల పది గంటల డ్యూటీ జీవో వచ్చింది. కాలం అటు పోతుంటే మీరు 1988 పట్టుకోని కూసుంటే ఎట్ల?

చట్టంచూశా:
సగం చదివి రాస్తే ఇలాగే ఉంటుంది. ఆ జీవో 282 కమర్షియల్ సంస్థలకు, అంటే ఆఫీసుల్లాంటివాటికి. దుకాణాలకు కాదు, అందులోనే స్పష్టంగా రాసి ఉంది. వాళ్లకు కూడా రోజుకు 10 గంటలైనా వారానికి 48 దాటకూడదు, దాటితే ఓవర్‌టైం ఇవ్వాలి. ఆరు గంటల పనికి కనీసం అరగంట విరామం. 24 గంటల అనుమతి షట్టర్‌కు ఇచ్చారు, మనిషికి కాదు. మనిషికి వారపు సెలవు అక్కడా తప్పదు. అయితే ఒకటి ఒప్పుకుంటాను, ఓనర్ 112 గంటలు కూర్చుంటే ఎన్నని లెక్కపెట్టే చట్టం నాకు కనబడలేదు.

ఏనుమాముల_గుమస్తా:
మా మార్కెట్ యార్డు శని, ఆదివారాలు బందు. ఇన్నేండ్లల ఏ అడ్తిదారు గూడ "నా గిరాకి పక్కోని కాడికి పోయింది" అని ఏడ్వంగ నేను చూడలే. ఎందుకు? పక్కోడు గూడ మూస్తడు. ఖరీదుదారు రాడు, జెండా పాట, అంటే రేటు తేల్చే వేలం, ఉండది, దడ్వాయి కాంటా ముట్టడు, హమాలీ రాడు. అందరూ ఒక్కపారి ఆగితే ఎవనికీ భయం లేదు. సగంషట్టర్ అన్న తిప్పలేందంటే ఆయన ఒక్కడే ఆగిండు. గల్లీల ఇంకో ముగ్గురు గూడ మూస్తే బాపు గారి మాటకు జవాబు దొరికినట్టే.

పరకాల_పటేల్:
గుమస్తా తమ్మీ, మంచిగ చెప్పినవ్. ఇప్పుడు రైతు దిక్కుకెల్లి గూడ విను. శుక్రవారం రాత్రి మిర్చి బస్తాలేసుకోని బయల్దేరినం. దారిల బండి ఖరాబై యార్డుకు వచ్చేసరికి శనివారం. సోమవారం దాక బస్తాల మీదనే పండుకున్నం. ఐతారం మబ్బు పట్టింది. చినుకు పడితే రంగు పోతది, రంగు పోతే రేటు పోతది. పట్టా పట్టుకోని రాత్రంత మేల్కతోటి ఉన్న. మీ రెండు రోజుల నిమ్మళం నా రెండు రాత్రుల మేల్కతోటి వచ్చింది. సెలవు ఉండొద్దంటలేను. ఎవని మీద పడ్తదో గూడ చూసుకోవాలంటున్న.

మా తాతల కాలంల సోమవారం ఎడ్ల మీద కాడి పెట్టకపోయేటోళ్లు. శివుని వారమని. ఎడ్లు ఆగితే అరక ఆగేది, అరక ఆగితే మనిషి ఆగేటోడు. ఆ రోజు పగ్గాలు పేనుకునుడు, గొర్రు బాగు చేయించుకునుడు. ట్రాక్టర్ వచ్చింది, సోమవారం పోయింది. దానికి అలుపు లేదు, డీజిల్ పోస్తే చాలు. మనిషికి మాత్రం ఇంకా అలుపు ఉన్నది.

కాజీపేట_రన్నింగ్‌రూం:
నేను రిటైరైన లోకో పైలట్‌ని, బాబూ. పటేల్ గారి ట్రాక్టర్ మాట చదివాక రాయాలనిపించింది. ఇంజన్‌కి అలుపు లేదని మనిషిని కూడా దాని లెక్కలో చూస్తే ఏమవుతుందో రైల్వేకి తెలుసు. అందుకే విశ్రాంతిని మా ఇష్టానికి వదలలేదు. 8 గంటలు, ఆపైన డ్యూటీ చేసి హెడ్‌క్వార్టర్‌కు, అంటే సొంత స్టేషన్‌కు వస్తే 16 గంటలు రెస్ట్. ఇక నెలకు 30 గంటల చొప్పున నాలుగు సార్లో, 22 గంటల చొప్పున అయిదు సార్లో పీరియాడికల్ రెస్ట్. ఆ పదహారుని ఈ ముప్పైలోనే లెక్కేస్తే సరిపోదని, పదహారుకి ముప్పై విడిగా కలిపి 46 గంటలు ఇవ్వాలని నా తర్వాతి వాళ్లు ఇప్పటికీ అడుగుతూనే ఉన్నారు.

ఇక్కడ ఎవరూ అనని మాట ఒకటుంది. నిద్ర తక్కువైన మనిషికి తనకి నిద్ర తక్కువైందని తెలియదు. తెల్లవారుజామున మూడింటికి, అయిదింటికి మధ్య కళ్లు తెరుచుకునే ఉంటాయి, సిగ్నల్ కనిపిస్తూనే ఉంటుంది, ఏ రంగో బుర్రకెక్కదు. అసిస్టెంట్ సిగ్నల్ రంగు గట్టిగా చెప్తేనే ఉలిక్కిపడేవాణ్ణి. మీరు కిరాణంలో చిల్లర తప్పిస్తారు, అంతే తేడా. రాత్రి పదింటికి మీ చిల్లర ఎన్నిసార్లు తప్పుతోందో చూసుకున్నారా?

సగంషట్టర్:
తప్పుతది సార్. పోయిన నెల ఒకాయన అయిదు వందల నోటిస్తే రెండు వందలని చిల్లరిచ్చిన. మంచోడు, మళ్ల వచ్చి అడిగిండు. ఉద్దెర ఖాతాల గూడ ఒకరిది ఇంకొకరి పేరు మీద రాసిన.

వెయ్యిబీడీలు (కోరుట్ల):
మొదటిసంది చదువుకుంట వచ్చిన. అన్నలందరు మస్తు చెప్పిన్రు. నాకు ఒక్కటే అడగాలని ఉన్నది. సగంషట్టరన్నా, ఆరు ఐతారాలు షట్టర్ దించినవ్ కదా, ఆ ఆరు ఐతారాలు మీ ఇంట్ల వంట ఎవలు చేసిన్రు?

మాది బీడీల పని. టేకేదారు ఆకు, తంబాకు జోకి ఇస్తడు. ఆకు ఇచ్చినన్ని రోజులే పని, నెలంత ఉండది. వెయ్యి చుడితేనే కూలి. రాత్రి ఆకు తడిపి పెట్టుకోవాలె, పొద్దుగాల కత్తెరతోటి కోసుకోవాలె. చాట ఒడిల పెట్టుకుంటే లేసేసరికి మెడలు పట్టేస్తయ్. పనిలేని రోజు రెస్టు అంటరా? ఆ రోజు బట్టలు, ఇల్లలుకుడు, అత్తకు దవాఖాన. మా ఇంటాయన దుబాయ్‌కెల్లి వచ్చినంక శుక్కురారం సెలవు అలవాటైందని పొద్దెక్కేదాక పంటడు. ఆయన పండుకున్నడని పిల్లలను సప్పుడు చెయ్యనియ్యకుండ నేను కావలి కూసుంట. అది గూడ పనే.

గోదారిఖని_సెకండ్‌షిఫ్ట్:
అక్కా, మా ఇంట్ల గూడ గంతే. నైట్ షిఫ్టు వారం మా ఆమె పిల్లలను పట్టుకోని పక్కింట్ల కూసుంటది, నా నిద్ర కోసం. ఇన్నేండ్లల ఒక్కనాడు ఆలోచన రాలే.

లెక్కపక్కా:
ముచ్చట ఎటో పోతున్నది. ఆయన అడిగింది దుకాణం గురించి.

వెయ్యిబీడీలు:
నేను గూడ దుకాణం గురించే అడిగిన అన్నా. మధ్యాహ్నం తిని పండుత అన్నరు కదా. వేడిగ తింటరా, చల్లగనా?

సగంషట్టర్ (మూడు వారాలకు):
ఆలస్యమైంది, ఏమనుకోకుండ్రి. అక్క అడిగిన మాట ఇంట్ల అడిగిన. మా ఆమె నవ్వింది, ఆయినంక నవ్వలే. దుకాణం ఉన్న ఐతారం మేము ఎగిర్తపడి ఏదో ఒకటి తిని ఎల్లదీసేటోళ్లమట. బందు పెట్టినసంది నేను ఇంట్ల ఉన్ననని చెల్లె, బావ వస్తున్నరు, రెండు కిలోల కూర, చాయ్ మీద చాయ్. "నీ సెలవు నాకు డబుల్ డ్యూటీ" అన్నది. మరి నీకేం కావాలె అంటే ఐతారం వద్దట. బేస్తవారం ఒంటిగంట నుంచి కావాల్నట. పిల్లలు బడిల ఉంటరు, చుట్టాలు రారు.

గుమస్తా తమ్మి చెప్పినట్టు గల్లీల గూడ అడిగిన. ఇస్త్రీ ఆయన సరే అన్నడు. మెడికల్ షాపాయన కుదరదన్నడు, ఆయనది నిజమే. ఎదురుంగ కిరాణమాయన నవ్వి "నువ్వు మూసుకో, నేను చూసుకుంట" అన్నడు.

ఇప్పుడు ఐతారం ఒంటిగంట దాక తెరుస్తున్న, కూర సామాన్ల గిరాకి అప్పటికే ఒడుస్తది. పోరనికి ఐతారం పూర్తి సెలవు. లెక్కపక్కా అన్న చెప్పిన గీతలు గూడ గీసిన. బేస్తవారం మధ్యాహ్నం నాలుగు గంటల సేపట్ల మొత్తం తొమ్మిది గీతలు, అండ్ల మూడు అగ్గిపెట్టెలే.

మొన్న బేస్తవారం మొదటిది. భద్రకాళి చెరువు బండ్ మీదికి పోదామనుకున్నం. ఆమె "అయిదు నిమిషాలు" అని ఒరిగింది, దీపాలు పెట్టే యాళ్లకు లేసింది. నేను ఎక్కడికీ పోలే. పిల్లలు వస్తే సప్పుడు చెయ్యకుండ్రని బయట కూసున్న.

అయితే ఒకటైంది. సాయంత్రం ఎవరో వచ్చి షట్టర్ కొట్టిన్రట. బాపు వెనుక తలుపు నుంచి రెండు పాల ప్యాకెట్లు తీసిచ్చిండట. గల్లా ఎంచితే ఆ పైసలు లేవు, ఆయన అంగీ జేబులనే ఉన్నయ్. నేను అడుగలే, ఆయన చెప్పలే. రాత్రి బువ్వ తినేటప్పుడు మాత్రం "వచ్చే బేస్తవారం పాలు ఓ రెండు ఎక్కువ ఏపిచ్చుకో" అన్నడు.