పచ్చ అంటే ఏ రంగు?

నిన్న ఇక్కడ ఒకరు రాశారు: "పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనిపిస్తుంది" అన్న సామెత చెబితే, వాళ్ల అబ్బాయి "అంటే ఎటు చూసినా చెట్లూ చేలూ కనిపిస్తాయా? అయితే మంచిదేగా!" అన్నాడట. ఈ కాలం పిల్లలకు తెలుగు రాదని చాలామంది నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. అరవై దాటిన నేనే ఆ మాట దగ్గర బోల్తా పడ్డాను.

మా గృహప్రవేశానికి ముత్తైదువులకు పెట్టడానికి పన్నెండు జాకెట్టు ముక్కలు కావలసి వచ్చాయి. కోడలికి ఫోను చేసి, "అన్నీ పచ్చవే తీసుకో, కలగాపులగం వద్దు" అన్నాను. సాయంత్రం సంచి విప్పితే పన్నెండూ పసుపు రంగువి.

"పచ్చవి తెమ్మన్నాను కదమ్మా?"

"పచ్చవే కదా అత్తయ్యా ఇవి!"

"ఇవి పసుపు."

"పసుపంటే కూరలో వేసేది. రంగు పచ్చే కదా. మీకు కావలసినవి ఆకుపచ్చవైతే ఆకుపచ్చ అనాలి కదండీ."

నాకు నోట మాట రాలేదు. ఆమె లెక్కలో రెండు రంగులు: పచ్చ, ఆకుపచ్చ. నా లెక్కలోనూ రెండే: పసుపు, పచ్చ. ఎవరి లెక్క వారికి సరిగ్గా సరిపోతుంది, ఎక్కడా వెలితి లేదు. అందుకే ఎనిమిదేళ్లుగా ఒకే వంటింట్లో మసలుతున్నా ఇద్దరికీ అనుమానం రాలేదు.

ఆమెది తెలంగాణ, నాది కోస్తా. ప్రాంతాల తేడా అని తేల్చేసి ఊరుకుందామనుకున్నాను. ఎందుకైనా మంచిదని మా అక్కను అడిగాను. ఒకే ఇంట్లో, ఒకే మంచం మీద పడుకుని పెరిగినవాళ్లం. "పచ్చ అంటే పసుపు రంగే. అందులో అడగడానికి ఏముంది?" అంది. ఆ "ఏముంది" ఉంది చూశారూ, అక్కడే ఉంది తంటా అంతా.

బ్రౌన్ దొర 1852లో అచ్చువేసిన నిఘంటువు చూస్తే రెండు రంగులూ అందులో ఉన్నాయి. అంటే ఇది ఈమధ్య పుట్టిన గందరగోళం కాదు. మన వాడుకలో చూడండి. పచ్చగన్నేరు పువ్వు పసుపు. పచ్చగడ్డి ఆకుపచ్చ. రైతు నోటనే పచ్చజొన్న పసుపు, పత్తి చేలో పచ్చదోమ ఆకుపచ్చ. కంసాలి దగ్గర పచ్చ అంటే మరకతం, ఇంకో మాట లేదు. పసుపు రాయికి పుష్యరాగం అని వేరే పేరుంది. పెళ్లిచూపుల నుంచి వచ్చి "పిల్ల దబ్బపండులా పచ్చగా ఉంది" అంటే ఆకు రంగు అనుకునేవారు ఎవరూ ఉండరు. "పచ్చని సంసారం" అంటే పసుపు పులిమిన సంసారం అనీ ఎవరూ అనుకోరు. ఇక రైలుకు పచ్చజెండా ఊపారని రాసే పత్రికలోనే, పక్క పేజీలో పసుపు జెండా పార్టీవాళ్లను పచ్చచొక్కాలు అంటారు! పక్కన ఇంకో మాట తోడున్నంతసేపు మనం తడబడం. ఒంటరిగా "పచ్చ" అన్నప్పుడే ఎవరి పచ్చ వారిది.

మా ఊళ్లో కౌలుకు చేసే అబ్బాయి ఫోను చేసి "పైరు పచ్చబడిందమ్మా" అంటే ఏమనుకోవాలి? సంతోషించాలా, యూరియా వేయమనాలా?

పచ్చ, పచ్చి, పచ్చిక, పసరు, పసిమి, పసుపు... ఇవన్నీ ఒక తల్లి బిడ్డలే. తమిళులు ఆ మాటను ఆకు రంగుకు ఉంచుకుని, పసుపుకూ దాని రంగుకూ మంజళ్ అన్నారు. మన దగ్గర అది రెండు వైపులా పారింది. సంస్కృతం వైపు చూసినా ఇదే కథ: ఆకు రంగు హరితం, పసుపు కొమ్ము హరిద్ర, రెండింటికీ మూలం "హరి" శబ్దమే. నా ఊహ ఏమిటంటే, మొదట ఇది రంగు పేరే కాదు, పసరున్న తనానికి పేరు. ఎండనిది, వాడనిది పచ్చిది. ఇది ఊహే, పండితులు సరిదిద్దవచ్చు.

మళ్లీ సామెత దగ్గరికి వస్తాను. కామెర్లు వస్తే తెల్లగుడ్డు పసుపెక్కుతుంది కానీ, సాధారణంగా రోగికి లోకం రంగు మారదు. అతడి కళ్లు పచ్చగా ఉన్నాయని చూసింది మనం. అతడికి అంతా అలాగే కనిపిస్తుందని తేల్చిందీ మనమే. పాపం అతడిని ఎవరూ అడిగినట్టు లేరు.

తాజాకలం: కింద ఒకరు "మరి ఆ జాకెట్టు ముక్కలు ఏమయ్యాయి?" అని అడిగారు. మార్చే సమయం లేక అవే పెట్టాము. పుచ్చుకున్న ఒకావిడ, మా గుంటూరు ఆవిడే, "పచ్చగా ఎంత బాగున్నాయో" అంది. కోడలు తల దించుకుని తాంబూలాలు సర్దుతోంది. నవ్వుతోందని భుజాలు చూస్తేనే తెలిసింది.