తుపాకీ గేములాడితే పిల్లలు నిజంగానే చెయ్యెత్తుతారా?

బొబ్బిలి అమ్మ:
మావాడికి 13 ఏళ్ళు, ఎనిమిదో తరగతి. కరోనా టైంలో ఆన్‌లైన్ క్లాసులకని కొన్న ఫోనే ఇప్పుడు ప్రాణం అయిపోయింది, ఎప్పుడు చూసినా బీజీఎంఐ, అదే, పబ్జీ ఆగాక దాని బదులు మన దేశంలో వచ్చిన తుపాకీ గేము. మొన్నాదివారం వాడి చెల్లి వచ్చి ఫోన్ లాగీసింది, అంతే, గోడకి తగిలీలా తోసీసాడు, దాని మోచెయ్యి గీరుకుపోయి రక్తమొచ్చింది. మళ్ళీ వాడే భయపడి వంటింట్లోకి పరిగెత్తి పసుపు తెచ్చి రాసాడు. మా అత్తగారేమో ఆ తుపాకులే బుర్రకెక్కాయి అంటారు, వాళ్ళ నాన్న చెన్నైలో పని, ఫోన్‌లోనే "పగలగొట్టీ" అంటారు. నాకు ఏటి చెయ్యాలో తెలీట్లేదు, ఎవరైనా అనుభవం ఉన్నోళ్ళు చెప్పండి.

రాజాం కుర్రోడు:
పబ్జీని గవర్నమెంటే 2020లో బ్యాన్ చేసింది కదండీ, ఇందుకే కాదేటి. తీసీయండి ఫోను.

నాగావళి గట్టు:
తమ్ముడూ, ఆ బ్యాన్ హింస గురించి కాదు, 2020 సెప్టెంబర్‌లో డేటా, దేశ భద్రత అని 118 యాప్‌లు ఒకేసారి ఆపారు. హింస అని ఆపింది గుజరాత్‌లో, 2019లో రాజ్‌కోట్ పోలీసులు ఆడుతున్న స్టూడెంట్స్‌ని అరెస్టు కూడా చేసారు, చదువుకునే పిల్లల్ని స్టేషన్‌కి తీసుకెళ్ళడం నాకు ఇప్పటికీ మింగుడు పడదు.
అక్కా, మీ ప్రశ్నకి వస్తే, అమెరికా సైకాలజీ సంఘం ఏపీఏ 2020లో చెప్పిందేంటంటే, ఇలాంటి గేములకీ అరవడం తోయడం లాంటివాటికీ చిన్న సంబంధం కనబడుతోంది గానీ, పెద్ద నేరాలకి ఇవే కారణం అనడానికి సరిపడా ఆధారం లేదని. ఆక్స్‌ఫర్డ్ వాళ్ళు 2019లో బ్రిటన్‌లో 14, 15 ఏళ్ళ పిల్లలు సుమారు వెయ్యి మందిని చూస్తే ఆ చిన్న సంబంధం కూడా దొరకలేదు. మీవాడు పసుపు తెచ్చాడు చూడండి, నేనైతే దాన్నే పట్టుకుంటాను.

టెక్కలి మేష్టారు:
అమ్మా, ఒక్కటడుగుతాను, రాత్రి ఎన్నింటికి పడుకుంటున్నాడు? నా క్లాసులో కొట్లాటకి దిగే పిల్లల్ని అడిగితే ఎక్కువమంది ముందురోజు ఒంటిగంటకో రెండింటికో పడుకున్నోళ్ళే. నిద్రలేని పిల్లాడి చేతిలో పలకున్నా విసురుతాడు.

బొబ్బిలి అమ్మ:
మేష్టారూ మీరన్నది నిజమేనండీ, నేను పడుకున్నాక దుప్పట్లో ఆడుతున్నాడు, ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని. 18 లోపువాళ్ళకి ఆ గేము రోజుకి 3 గంటలే అన్నారు కదా, ఎలా అవుతోంది అనుకున్నా, వయసు ఎక్కువేసి నా నంబర్‌తోనే పెట్టుకున్నాడట.

చీపురుపల్లి చెల్లి:
అందరూ ఏం కాదంటున్నారు గానీ, చిన్న సంబంధం అంటే లేనట్టు కాదు కదా. మా తమ్ముడు తుపాకీ పట్టలేదు గానీ నోరు పాడయిపోయింది. ముక్కూమొహం తెలీని పెద్దోళ్ళు మైక్‌లో అమ్మల మీద తిట్లు తిడతారు, అవే మాటలు అన్నం దగ్గర మా అమ్మతో అన్నాడు. నాకు ఆ రోజు ఏడుపొచ్చింది. గేములో హింస తగ్గించాలని రక్తాన్ని ఆకుపచ్చ రంగు చేసారు గానీ ఈ మాటల్నెవరాపుతారు?

నాగావళి గట్టు:
ఇది ఒప్పుకోవాల్సిందే, నేను దీని గురించి ఆలోచించలేదు.
అక్కా, ఇంకోటి. ఆ గేము మధ్యలో ఆపడం కుదరదు, వంద మందితో మొదలై ఒక మ్యాచ్ దాదాపు అరగంట నడుస్తుంది, మధ్యలో ఒదిలేస్తే టీంలో వాళ్ళు తిడతారు. అప్పుడు ఫోన్ లాగితే ఎవడైనా ఎగురుతాడు, చెల్లిని తోయడం తప్పే, అది తప్పని గట్టిగా చెప్పండి. కానీ లాక్కోకుండా "ఈ మ్యాచ్ అయ్యాక" అని ముందే మాట తీసుకోండి, రాత్రి తొమ్మిదికి ఫోను మీ తలగడ కింద. పగలగొడితే పక్కింటోడి ఫోన్‌లో ఆడతాడు, మీకు తెలీదు కూడా.

బొబ్బిలి అమ్మ:
నిన్న సాయంత్రం పక్కన కూర్చున్నానండీ. ఇంకెంతమందున్నార్రా అంటే "14 మందే అమ్మా, మాటాడకు" అన్నాడు, దాక్కున్నాడు, చచ్చిపోయాడు, ఫోన్ నా చేతికిచ్చీసాడు. తొమ్మిది మాట కూడా తీసుకున్నా. ఆ మైక్ ఎక్కడాపాలో చెప్తారా చెల్లీ?

చీపురుపల్లి చెల్లి:
గేములో మ్యాప్ పక్కన మైక్ బొమ్మ ఉంటుందక్కా, నొక్కి ఆఫ్ చెయ్యండి. దాని దగ్గరే స్పీకర్ బొమ్మ ఉంటుంది, అదీ ఆఫ్ చెయ్యాలి, లేదంటే మనోడు మాటాడకపోయినా అవతలోళ్ళవి వినబడుతూనే ఉంటాయి.