1939 రూపాయిలో చివరి అంకె అసలుదేనా? తెలిసినవారు దయచేసి చెప్పగలరు

నమస్కారం. మాది విజయనగరం. మా నాన్నగారు దాచిన ఆరవ జార్జి వెండి నాణేలలో అరుదైన 1939 రూపాయి ఒక్కటే లేకపోవడంతో, గత వారం ఆన్‌లైన్‌లో 18,000 రూపాయలు చెల్లించి ఒకటి తెప్పించుకున్నాను.

గంటస్తంభం దగ్గర కంసాలి గారు తూస్తే 11.6 గ్రాములు వచ్చింది. ఉండవలసిన 11.66 గ్రాములకు అది దగ్గరే కనుక మొదట సంతోషించాను. అయితే 1938 రూపాయిది కూడా అదే బరువు, అదే 91.7 శాతం వెండి కాబట్టి, ఎవరైనా 8ని 9గా చెక్కి మార్చినా త్రాసు పట్టుకోలేదని తరువాత అర్థమైంది. భూతద్దంతో చూస్తే, 9 కింద ఎడమవైపు, అంటే 8కి సున్న మూసుకునే చోట, నాణెం ఉపరితలం నున్నగా మెరుస్తోంది. పక్కనే వెంట్రుకవాసి గీతలు రెండు ఉన్నాయి. మిగిలిన అంకెల చుట్టూ మాత్రం పాత మకిలి సమంగా పట్టి ఉంది. ఇదే నన్ను కలవరపెడుతోంది.

అసలైన 1939 రూపాయి ఉన్నవారు దానిలో 9 తోక వంపు ఎలా ఉంటుందో, ఇటువంటి గీతలు వాడకం వల్ల కూడా పడతాయేమో దయచేసి తెలియజేయగలరు. వాపసుకు మూడు రోజులే గడువుంది. ఆమ్ల పరీక్షకు మాత్రం నేను ఒప్పుకోలేదు. ఒకవేళ నాణెం అసలుదే అయితే దానికి మచ్చ పడటం నాకు ఇష్టం లేదు.