బీ-17 పక్కన స్పిట్‌ఫైర్ తేడాగా కనిపిస్తోంది, ఏ స్కేల్‌కి ఫిక్స్ అవ్వాలి?

నీలిరెక్క:
అందరికీ నమస్తే. మూడేళ్లుగా రెండో ప్రపంచ యుద్ధం నాటి విమానాల మోడల్స్ పోగు చేస్తున్నాను. కంటికి నచ్చింది కొనేయడమే, స్కేల్ ఎప్పుడూ పట్టించుకోలేదు. ఇప్పుడు 19 అయ్యాయి, 1/72వీ 1/48వీ (అసలు విమానంలో 72వ వంతు, 48వ వంతు సైజువి) కలగలిసి ఉన్నాయి. మొన్న 1/72 బీ-17 తెచ్చి 1/48 స్పిట్‌ఫైర్ ఫైటర్ పక్కన పెడితే అంత బాంబరూ బక్కచిక్కినట్టు కనిపిస్తోంది, చూసినప్పుడల్లా మనసుకి ఎక్కట్లేదు. ఒకే స్కేల్‌కి వచ్చేయాలా? డైకాస్ట్ (లోహం పోత పోసి చేసిన రెడీమేడ్ మోడల్స్) మానేసి ప్లాస్టిక్ కిట్లు కట్టుకోవడం మేలా? ఇంకోటి, ఒక పాత డైకాస్ట్ రెక్క మీద పెయింట్ బుడగలు లేస్తోంది, పక్కనే సన్నని చీలిక. దీనికే ఎక్కువ టెన్షన్‌గా ఉంది.

జిగురుచేతులు:
మీ కన్ను కరెక్టే అండి. అసలు స్పిట్‌ఫైర్ రెక్కల వెడల్పు 11.23 మీటర్లు, బీ-17ది 31.6 మీటర్లు, అంటే దాదాపు 2.8 రెట్లు. మీ షెల్ఫ్ మీద స్పిట్‌ఫైర్ 23 సెంటీమీటర్లు, బీ-17 44, రెండు రెట్లు కూడా లేదు. స్పిట్‌ఫైర్ కూడా 1/72 అయితే 15.6 సెంటీమీటర్లే, అప్పుడు తెలుస్తుంది ఆ బాంబర్ ఎంత పెద్దదో. మీకు కావాల్సిన వాటిలో అన్నిటికన్నా పెద్ద విమానం ఏదో చూసుకుని, అది మీ షెల్ఫ్‌లో పట్టే స్కేల్ తీసుకోండి. 1/48లో బీ-17 అంటే 66 సెంటీమీటర్లు, అలాంటివి రెండు పెడితే ఇంకోదానికి చోటుండదు. బాంబర్లు కావాలంటే 1/72నే.

కిట్ల సంగతికొస్తే, కట్టడం ఇష్టమైతేనే దిగండి. డైకాస్ట్‌లో ప్యానెల్ గీతలు లోతుగా, రెక్క అతికిన చోటు కొట్టొచ్చినట్టు ఉంటాయి, కిట్‌లో అది మన చేతిలో పని. ఒక్కటి గుర్తుంచుకోండి, కానపీని, అంటే కాక్‌పిట్ మీది పారదర్శక మూతని, సూపర్ గ్లూతో అతికించొద్దు, ఆ ఆవిరికి తెల్లగా మసకబారుతుంది, తెల్ల జిగురు చాలు.

తోకచుక్క:
నేను ఒప్పుకోను. స్కేల్ కన్నా ముందు కథ ఒకటి ఎంచుకోండి. నాది 1944 జూన్, మిత్రదేశాల సేనలు ఫ్రాన్స్‌లోని నార్మండీ తీరంలో దిగినప్పుడు పైన ఎగిరిన వాటి ఫైటర్లు మాత్రమే, అన్నీ 1/48. సొంత విమానాలనే కూల్చుకోకుండా రెక్కల మీదా వెనక భాగం మీదా వేసిన ఆ నలుపు తెలుపు చారలు కలెక్షన్ అంతటినీ కలిపేస్తాయి. చాలావాటికి హడావిడిగా బ్రష్‌తో పూసేశారు, అందుకే స్కేలు పెట్టి గీసినట్టుండే మోడల్ కన్నా అంచులు కాస్త వంకరగా ఉన్నదే నాకు నిజంగా అనిపిస్తుంది. పైగా 1/48 కాక్‌పిట్‌లో డయల్స్ కనిపిస్తాయి, 1/72లో వాటి కోసం భూతద్దం పట్టుకోవాలి. బాంబర్లు వదులుకోవాలి, నిజమే, నేను వదులుకున్నాను.

మిగ్‌ప్రియుడు:
ముందు ఆ బుడగల సంగతి చూడండి, స్కేల్ తర్వాత. వర్ణన వింటుంటే జింక్ పెస్ట్‌లా ఉంది. పోత పోసేటప్పుడు జింక్ మిశ్రమంలో సీసం లాంటి మలినాలు కలిస్తే లోహం లోపలి నుంచే ఉబ్బి, పగిలి, చివరికి పొడిపొడి అవుతుంది. దీనికి మందు లేదు, పైన పెయింట్ వేసినా ఆగదు. తేమ, వేడి తగిలితే ఇంకా తొందరగా ముదురుతుంది, పొడిగా చల్లగా ఉండే చోట పెడితే కొంత నెమ్మదిస్తుంది. పక్క మోడల్‌కి అంటుకుంటుందని భయపడకండి, అంటుకోదు, కానీ అదే తయారీ కాలానివి ఇంకా ఉంటే వాటినీ తిప్పి చూడండి. ఇప్పుడే అన్ని వైపులా ఫొటోలు తీసి పెట్టుకోండి, తర్వాత బాధపడతారు. షెల్ఫ్ మీద ఎండ పడనివ్వొద్దు, రంగులు వెలిసిపోతాయి. దుమ్ముకి మెత్తటి మేకప్ బ్రష్ వాడండి, గుడ్డ పెడితే యాంటెన్నాలు విరుగుతాయి.

నీలిరెక్క:
చాలా థాంక్స్ అండి. ఇప్పుడే అన్నీ తిప్పి చూశాను, ఇంకొకదాని చక్రం దగ్గర కూడా చీలిక ఉంది, రెండిటికీ ఫొటోలు తీశాను. తోకచుక్క గారూ, మీ చారల మాట బాగా నచ్చింది, కానీ బీ-17ని వదులుకోలేను. 1/72కే వెళ్తున్నాను. ఆ 1/48 స్పిట్‌ఫైర్ నేను కొన్న మొదటి మోడల్, దాన్ని మాత్రం అమ్మను, చదువుకునే బల్ల మీద విడిగా పెట్టుకుంటాను.