మేయరు కాబోయే అభ్యర్థి చేతిలో భూమి ఎంత, డబ్బు ఎంత? (తూర్పు బెంగళూరు)

వర్తూరు రోడ్డు నివాసి:

అందరికీ నమస్కారం. మాది అనంతపురం. పదకొండేళ్లుగా వర్తూరు రోడ్డుకు లోపలి వీధిలో సొంత ఫ్లాటులో ఉంటున్నాము. మా వార్డులో కార్పొరేటరుగా నిలబడనున్న ఒకాయన గెలిస్తే, బెంగళూరును విడదీసి చేసిన ఐదు కార్పొరేషన్లలో ఒకటైన తూర్పు కార్పొరేషనుకు ఆయననే మేయరుగా చేస్తామని పార్టీవారు ఇంటింటికీ చెప్పుకొస్తున్నారు. మొన్న ఆదివారం మా అపార్టుమెంటుకు వచ్చి, కన్నడంలోను తెలుగులోను అచ్చువేసిన కరపత్రం ఇచ్చి వెళ్లారు. ఈ చుట్టుపక్కల తెలుగు ఓట్లు ఎన్ని ఉన్నాయో వాళ్లకు బాగానే తెలుసు. ఆయన పేరు ఇక్కడ రాయను. మనకు కావలసింది ఆయన ఇచ్చిన హామీల మంచిచెడ్డలు.

వీధి దీపాలు, కుక్కల బెడద వంటివి పక్కన పెడితే, భూమి గురించీ డబ్బు గురించీ ఆయన చెబుతున్నవి ఇవి. ఆస్తి పన్ను ఐదేళ్లపాటు పైసా పెంచరట. బి ఖాతా (అనుమతులు సరిగా లేని ఆస్తుల పద్దు) ఉన్నవారందరికీ రుసుము లేకుండా ఎ ఖాతా (సక్రమమైన ఆస్తుల పద్దు) ఇప్పిస్తారట. లోపలి అడ్డరోడ్ల మీద కూడా దుకాణాలకు, పీజీలకు (పేయింగ్ గెస్టు వసతిగృహాలకు) అనుమతి వచ్చేలా భూవినియోగాన్ని మారుస్తారట. వాడకుండా పడి ఉన్న మా లేఅవుటు పార్కులో సగభాగంలో వాణిజ్య సముదాయం కట్టి, దాని అద్దెతో రోడ్లు వేయిస్తారట. చాలకపోతే బాండ్లు జారీ చేస్తారట. చివరిగా, "తూర్పు డబ్బు తూర్పుకే" అన్నది పెద్ద అక్షరాలలో ఉంది.

వీటిలో మేయరు నిజంగా చేయగలిగినవి ఏవి? చేయగలిగినా చేయకూడనివి ఏవి? వచ్చే వారం మా క్లబ్ హౌసులో ఆయనతో సమావేశం ఉంది. ఏమి అడగాలో తెలిసి అడగాలని ఉంది.

లెక్కల గుమస్తా:

నేను పురపాలక లెక్కల విభాగంలో చాలా కాలం పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నవాడిని. డబ్బు సంగతి వరకు చెబుతాను, భూమి సంగతి తెలిసినవారు చెప్పాలి.

ముందుగా ఒక విషయం. మన ఊళ్లో మేయరును ప్రజలు నేరుగా ఎన్నుకోరు. 2015లో 198 వార్డులలో భారతీయ జనతా పార్టీ 100 గెలుచుకున్నా, ఎమ్మెల్యేలు, ఎంపీలు, ఎమ్మెల్సీల ఓట్లు కూడా కలిసేసరికి మేయరు పదవి కాంగ్రెసుకు వెళ్లింది. కాబట్టి "ఈయనే మేయరు" అన్నది ఓటరు చేతిలో ఉన్న విషయం కాదు, పార్టీ నిలబెట్టుకోగలదని నమ్మకమూ లేదు. రెండవది, 2020 సెప్టెంబరులో పాత కౌన్సిలు గడువు ముగిసిన తరువాత ఊరి బడ్జెటును ఎన్నికైన సభ ఏదీ ఆమోదించలేదు. 2025-26కు వేసిన సుమారు 19,900 కోట్ల బడ్జెటును కూడా అధికారులే ప్రవేశపెట్టారు. అంతకుముందు కౌన్సిలు ఉన్న రోజులలో సైతం బడ్జెటు చదివింది మేయరు కాదు, పన్నులు-ఆర్థిక స్థాయీ సంఘం అధ్యక్షుడు. మేయరు పదవీకాలం అప్పుడు ఏడాదే ఉండేది, ఊరిని ఐదు కార్పొరేషన్లు చేసిన కొత్త చట్టంలో 30 నెలలు చేశారు. ఇది మంచి మార్పే, కాని ఐదేళ్ల హామీకి 30 నెలల పదవి చాలదు కదా.

ఇక పన్ను. బెంగళూరులో 2008 నుంచి యూనిట్ ఏరియా విలువ పద్ధతి నడుస్తోంది. అడుగుకు నెలకు ఇంత అని ప్రాంతాన్నిబట్టి ఒక విలువ కడతారు, దాన్ని విస్తీర్ణంతోను 10 నెలలతోను గుణిస్తారు, తరుగుదల తీసివేస్తారు, మిగిలినదానిలో 20 శాతం పన్ను, ఆ పన్ను మీద 24 శాతం సెస్సు. ఉదాహరణకు సొంతంగా ఉంటున్న వెయ్యి అడుగుల ఫ్లాటుకు యూనిట్ విలువ 2 రూపాయలు అనుకుంటే, తరుగుదల తీయకముందు లెక్క 20,000, పన్ను 4,000, సెస్సుతో 4,960. అదే ఫ్లాటు అద్దెకిస్తే యూనిట్ విలువ రెట్టింపు, కనుక పన్నూ రెట్టింపు. ఇప్పుడు ఆలోచించండి. ఈ విలువలు 2016లో పెరిగాయి, ఆ తరువాత రోడ్డు వేసే తారు ధర, చెత్త ఎత్తే బండి డీజిలు, పౌరకార్మికుల జీతాలు అన్నీ పెరిగాయి. 2024లో ఈ పద్ధతి తీసేసి గైడెన్స్ వాల్యూను (రిజిస్ట్రేషన్ల కోసం ప్రభుత్వం కట్టే ఆస్తి విలువను) ఆధారం చేసుకోవాలని ముసాయిదా పెట్టి, వ్యతిరేకత రాగానే వాయిదా వేశారు. పైసా పెంచనన్నవారు మిగిలిన ఖర్చు ఎక్కడినుంచి తెస్తారో చెప్పకపోతే, ఆ భారం వేరే పేరుతో వస్తుంది. 2025 ఏప్రిల్ నుంచి ఆస్తి పన్నుతో కలిపి వస్తున్న చెత్త రుసుము చూడండి. ఇళ్లకు భవనం విస్తీర్ణాన్నిబట్టి నెలకు 10 నుంచి 400 రూపాయల దాకా. పన్ను పెరగలేదు, రసీదులోని మొత్తం పెరిగింది.

బాండ్ల గురించి ఎగతాళి చేయనవసరం లేదు. దేశంలో మొట్టమొదట పురపాలక బాండ్లు జారీ చేసింది బెంగళూరే, 1997లో, 125 కోట్లకు, రాష్ట్ర ప్రభుత్వ హామీతో. అయితే బాండు ఆదాయం కాదు, అప్పు. ఇదే ఊరు కె.ఆర్. మార్కెట్టు, మేయో హాలు వంటి భవనాలను కేంద్ర ప్రభుత్వ రుణ సంస్థ హడ్కో దగ్గర తాకట్టు పెట్టిన రోజులు నాకు గుర్తున్నాయి. తిరిగి కట్టేది ఆస్తి పన్నుతోనే అయినప్పుడు, పన్ను పెంచనని, బాండు తెస్తానని ఒకే కాగితం మీద రాయడం నాకు విడ్డూరంగా ఉంది. సమావేశంలో ఇది తప్పక అడగండి: అసలు, వడ్డీ ఏ పద్దులోంచి కడతారు?

నక్షాల మనిషి:

గుమస్తాగారు చెప్పినదాంతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. నేను ఇరవై ఏళ్లుగా ఇళ్ల నక్షాలు గీసి అనుమతులు తెప్పించే పనిలో ఉన్నాను కనుక భూమి విషయం రాస్తాను.

కరపత్రంలో చెప్పినవన్నీ తన జేబులో ఉన్నట్టు రాశారు, కాని చాలావరకు లేవు. భూవినియోగాన్ని మార్చడం కర్ణాటక టౌన్ అండ్ కంట్రీ ప్లానింగ్ చట్టం, 1961 ప్రకారం జరుగుతుంది. 14-ఎ సెక్షను కింద ప్రణాళికా సంస్థ, రాష్ట్ర ప్రభుత్వ అనుమతితో, ప్రజల అభ్యంతరాలు విన్నాక మార్చాలి. మన మాస్టర్ ప్లాను ఇప్పటికీ 2007లో ఆమోదించిన '2015 ప్లాను'. 2031 కోసం తయారైన ముసాయిదాను 2020లో వెనక్కి తీసుకున్నారు. ఇప్పుడు ప్రణాళికా అధికారం ఐదు కార్పొరేషన్ల పైన ఉన్న గ్రేటర్ బెంగళూరు అథారిటీది, దానికి అధ్యక్షుడు ముఖ్యమంత్రి. ఐదు కార్పొరేషన్లలో ఒకదాని మేయరు ప్లాను పటంలో తన అడ్డరోడ్డు రంగు (అంటే భూవినియోగం) మార్చేస్తాననడం, బావమరిది పెళ్లికి ముహూర్తం తానే పెడతాననడం లాంటిది. చెప్పవచ్చు, పెట్టేది పురోహితుడు. రాజ్యాంగం 74వ సవరణ పట్టణ ప్రణాళికను, భూవినియోగ నియంత్రణను నగర పాలక సంస్థలకు ఇవ్వదగిన 18 పనులలో చేర్చిందన్నది నిజం. ఇవ్వదగినవాటిలో ఉండడం వేరు, ఇచ్చివేయడం వేరు.

పార్కు మాటకు వస్తే నాకు ఓపిక తక్కువ. రాజమహల్ విలాస్ ఎక్స్‌టెన్షనులో పార్కుకు వదిలిన స్థలాన్ని ముఖ్యమంత్రి ఆదేశంతో ప్రైవేటు నర్సింగు హోముకు ఇచ్చినప్పుడు, ఆ చుట్టుపక్కలవారు కోర్టుకు వెళ్లారు. 1991లో సుప్రీంకోర్టు ఆ కేటాయింపు చెల్లదని తీర్పు ఇచ్చింది. ముఖ్యమంత్రికి సాధ్యం కానిది మేయరుకు ఎలా సాధ్యమవుతుంది? పైగా పార్కులు, ఆటస్థలాలు, ఖాళీ ప్రదేశాల పరిరక్షణకు 1985 చట్టం ఒకటి ఉంది. మీ పార్కు "వాడకుండా పడి ఉంది" అంటే, దాన్ని బాగుచేయించడం కార్పొరేషను పని. ముందు ఆ పని చేయమనండి.

ఈ ప్రాంతంలో ఖాళీ నేల విలువ ఏమిటో 2022 సెప్టెంబరు వానలలో అందరం చూశాము. బెళ్లందూరు, వర్తూరు వైపు కోట్ల ఖరీదు చేసే విల్లాలనుంచి మనుషులను ట్రాక్టర్ల మీద బయటకు తెచ్చారు. మాస్టర్ ప్లాను చెరువు చుట్టూ 30 మీటర్లు, రాజకాలువలకు (వాననీటి కాలువలకు) వాటి స్థాయినిబట్టి 50, 25, 15 మీటర్లు వదలమంటుంది. 2016లో హరిత ట్రిబ్యునలు ఆ దూరాలను పెంచింది, 2019లో సుప్రీంకోర్టు ఆ పెంపును కొట్టివేసింది. అంటే ఆ తీర్పుతో మిగిలింది పాత దూరాలే, వాటినైనా నిలబెట్టాలి. ఆయన కరపత్రంలో రాజకాలువల మాటే లేకపోవడం నాకు అన్నిటికన్నా ఎక్కువ చెప్పింది.

బి ఖాతా సంగతి: ఎ ఖాతాగా మార్చడానికి రాష్ట్ర ప్రభుత్వం 2025 నవంబరులో పథకం తెచ్చి, గైడెన్స్ వాల్యూలో 5 శాతం రుసుము పెట్టింది. ఆ రుసుము మాఫీ చేసే అధికారం మేయరుకు లేదు. అంతకుముందు అక్రమ కట్టడాలను క్రమబద్ధం చేసే అక్రమ-సక్రమ పథకం 2017 జనవరిలో సుప్రీంకోర్టు స్టేతో ఆగిపోయిన సంగతి కూడా గుర్తుంచుకోవాలి. రెవెన్యూ సైటు (లేఅవుటు అనుమతి లేని వ్యవసాయ భూమిలోని స్థలం) కొన్న మనవాళ్లు ఉచితం అన్న మాటకు ఆశపడి, అధికారిక దారిలో వెళ్లడం మానుకోవద్దు.

నెల్లూరు పీజీ:

అన్నగారూ, మీరు చెప్పినవి చట్టం ప్రకారం సరైనవే. నేను మారతహళ్లి దగ్గర పీజీ నడుపుతున్నాను కనుక రెండో వైపు కూడా చెప్పనివ్వండి. ఈ ప్రాంతంలో ఆఫీసులు వచ్చాయి, వాటిలో పనిచేసే పిల్లలు వచ్చారు, వారు ఉండడానికి ఇళ్లు రాలేదు. అడ్డరోడ్లలో పీజీలు వద్దంటే ఆ పిల్లలు ఎక్కడ ఉండాలి? 2024లో అప్పటి నగర పాలక సంస్థ బీబీఎంపీ పీజీలకు నియమాలు పెట్టింది. ఒక్కొక్కరికి 70 చదరపు అడుగుల స్థలం, రోజుకు 135 లీటర్ల నీరు, కెమెరాలు, లైసెన్సు వంటివి. ఇవి మంచివే. నేను అన్నీ పెట్టుకున్నాను. కాని ఇంటికి నివాస నక్షా ఉందన్న సాకుతో ఏటా ఎవరో ఒకరు వచ్చి చేయి చాస్తారు. ఆ అభ్యర్థి మాట నాకు తీపిగా వినిపించడానికి కారణం అదే. నియమం స్పష్టంగా ఉంటే పన్ను రెట్టింపు కట్టడానికి కూడా నాకు అభ్యంతరం లేదు.

నక్షాల మనిషి:

తమ్ముడూ, మీ బాధ నాకు తెలుసు, ఆ మాట నేను కాదనడం లేదు. రోడ్డు వెడల్పునుబట్టి, పార్కింగునుబట్టి, మురుగు పైపు సామర్థ్యాన్నిబట్టి పీజీలకు దారి ఇవ్వడం అవసరమే. అయితే అది కొత్త మాస్టర్ ప్లానులో రావాలి. వీధివీధికీ మేయరు దయతో వస్తే, చేయి చాచేవారు ఇప్పటికన్నా పెరుగుతారు.

లెక్కల గుమస్తా:

ఒక్క మాట మిగిలిపోయింది. "తూర్పు డబ్బు తూర్పుకే" అన్నది వినడానికి బాగుంటుంది, ఎందుకంటే బీబీఎంపీ రోజులలో ఆస్తి పన్ను వసూలులో ఇప్పటి తూర్పులో ఉన్న మహదేవపుర మండలమే ముందుండేది. మొత్తం 369 వార్డులలో తూర్పువి 50 మాత్రమే, కాబట్టి వార్డుకు వచ్చే డబ్బు ఎక్కువే ఉంటుంది. కాని 2024 అక్టోబరులో మొదలైన కావేరి ఐదవ దశ సంగతి ఏమిటి? రోజుకు 775 మిలియన్ లీటర్లు, 2007లో ఊళ్లో కలిసిన 110 గ్రామాల కోసం, జపాన్ సంస్థ జైకా అప్పుతో, రాష్ట్రానికి చెందిన జలమండలి చేపట్టిన పని. వర్తూరు కూడా ఆ 110లో ఒకటి కదండీ. నీళ్లు, బస్సులు, కరెంటు, మెట్రో ఏవీ కార్పొరేషను చేతిలో లేవు. మేయరుకు మిగిలేది చెత్త, వార్డు రోడ్లు, కాలువలు, పార్కులు, వీధి దీపాలు, వాటి టెండర్లు. అది చిన్న విషయమేమీ కాదు. అక్కడే డబ్బు కారిపోతుంది.

వర్తూరు రోడ్డు నివాసి:

అందరికీ కృతజ్ఞతలు. మీ మాటలు మా సంఘంలో నలుగురితో కలిసి చదివాము. ఉచిత ఖాతా, అడ్డరోడ్డు సంగతులు పక్కన పెట్టి సమావేశంలో మూడే అడగాలని అనుకున్నాము. పన్ను పెంచకుండా బాండుకు వడ్డీ ఏ పద్దులోంచి కడతారు? మన వార్డు పనుల టెండర్లు, బిల్లులు ఎప్పటికప్పుడు బయట పెడతారా? మా లేఅవుటు వెనుక ఉన్న రాజకాలువకు సర్వే చేయించి హద్దురాళ్లు పాతిస్తారా? పార్కు గురించి మాత్రం అడగబోము. వద్దని రాతపూర్వకంగా చెప్పి, సంతకాలు చేయించి ఇస్తున్నాము.