పరీక్ష భయానికి ఏ దృక్పథపు చికిత్స తగినది?

ప్రశ్న (హనుమకొండ):
ఇంటర్ చదువుతున్న మా తమ్ముడు పరీక్ష హాలు గుమ్మం దగ్గరే చెమటలు పట్టి ఆగిపోతున్నాడు. మనస్తత్వశాస్త్రంలోని భిన్న దృక్పథాలు చికిత్సలో ఎక్కడ వేరుపడతాయో తెలిసినవారు దయచేసి వివరించగలరు.

జవాబు 1 (సైకాలజీ అధ్యాపకుడు, వరంగల్):
అమ్మా, ఫ్రాయిడ్ మనోవిశ్లేషణ మార్గం భయం మూలాన్ని బాల్యపు సంఘర్షణల్లో వెతుకుతుంది. అది దీర్ఘకాలం సాగేది కనుక పరీక్షలు దగ్గరపడిన పిల్లవాడికి నేను సూచించను. ప్రవర్తనావాదులు భయాన్ని నేర్చుకున్న ప్రతిస్పందనగా చూస్తారు. జోసెఫ్ వోల్పే 1958లో వివరించిన పద్ధతిలో ముందు శరీరాన్ని సడలించడం నేర్పి, ఆ తరువాత హాల్‌టికెట్ అందుకోవడం, కేంద్రానికి బయలుదేరడం, ప్రశ్నపత్రం తెరవడం వంటి సందర్భాలను తక్కువ భయపెట్టేదానితో మొదలుపెట్టి ఒక్కొక్కటిగా ఊహించుకోమంటారు.

జవాబు 2 (కౌన్సెలర్, కరీంనగర్):
సార్ చెప్పినదానికి ఆరన్ బెక్ 1960లలో రూపొందించిన సంజ్ఞానాత్మక చికిత్సను, అంటే ఆలోచనల తీరును సరిచేసే చికిత్సను జోడించాలి. ‘ఫెయిలైతే బతుకే లేదు’ అన్న ఆలోచనను కాగితంపై రాయించి, దానికి ఆధారమేమిటో పిల్లవాడితోనే పరిశీలింపజేస్తారు. నేడు ఈ రెండింటినీ కలిపి సీబీటీగా (కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ) వాడుతున్నారు; పరీక్ష భయానికి నా మొదటి ఎంపిక ఇదే.

జవాబు 3 (తల్లి, జనగామ):
కార్ల్ రోజర్స్ మానవతావాదం చెప్పినట్లు, తీర్పు చెప్పకుండా వినేవారు ఇంట్లోనూ ఉండాలమ్మా. చావు మాట ఎత్తితే మాత్రం ఆలస్యం చేయక ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఫోన్ చేయండి.